యాంప్లిఫయర్‌కి ఏ వాల్వు కొనాలి? బరంపురం వైపు ఇళ్ల కోసం ఒక పోలిక

వాల్వు (సిగ్నల్‌ను పెంచే, లోపల గాలి లేని గాజు బుడ్డి) యాంప్లిఫయర్ కొనుక్కున్నవాళ్లు, తాతగారి రేడియోని బాగుచేయించుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. ఏ కంపెనీ వాల్వు వేస్తే సౌండు బాగుపడుతుంది? నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. మార్చాలనుకుంటున్న వాల్వు సెట్‌లో ఏ స్థానంలో ఉంది? మీ వీధిలో రాత్రి పదింటికి కరెంటు ఎన్ని వోల్టులు వస్తోంది? ఈ రెండింటికీ జవాబు దొరికాక గాజు మీద ఏ పేరు ఉండాలన్నది చాలా చిన్న విషయమైపోతుంది. డబ్బూ మిగులుతుంది.

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్లలోని తెలుగు ఇళ్లలో నాకు కనిపించే వాల్వు సెట్లు రెండు రకాలు. మొదటి రకం పెద్దల నాటి ఫిలిప్స్, మర్ఫీ, బుష్ రేడియోలు, రేడియోగ్రాములు. రెండోది ఈమధ్య ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న చిన్న స్టీరియో యాంప్లిఫయర్లు. వీటిలో ఎక్కువ చైనావే, కొన్ని మాత్రం తెలిసిన కుర్రాళ్లు సొంతంగా కట్టినవి. రెండు రకాలకీ ఒకే సలహా పనికిరాదు. ఎక్కడ తేడా వస్తుందో అక్కడ చెబుతాను.

కొనేముందు కరెంటు చూడండి

వాల్వు లోపల హీటర్ అనే సన్నని తీగ ఉంటుంది. అది కాథోడ్‌ను వేడి చేస్తేనే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. మనం వాడే వాల్వుల్లో ఎక్కువవాటికి ఆ హీటర్‌కి 6.3 వోల్టులు కావాలి. పది శాతం అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది, అంటే సుమారు 5.7 నుంచి 6.9 దాకా. ఇప్పుడు లెక్క చూడండి. చైనా యాంప్లిఫయర్ల ట్రాన్స్‌ఫార్మర్ తరచుగా 220 వోల్టులకు చుట్టి ఉంటుంది. మనకు రావాల్సింది 230. అంత వస్తే హీటర్‌కి 6.59 అందుతుంది, ఇబ్బంది లేదు. 240 వస్తే 6.87 అవుతుంది, అప్పటికే హద్దు దగ్గరికి వచ్చేశాం. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గరున్న ఇంట్లో అర్ధరాత్రి 250 వచ్చిందంటే 7.16. ప్లేటు (ఆ ఎలక్ట్రాన్లు వెళ్లి చేరే లోహపు రేకు) వోల్టేజీ కూడా అదే లెక్కన పెరుగుతుంది, 400 ఉండాల్సిన చోట 454 అవుతుంది. ఆ ఇంట్లో ఎంత ఖరీదైన వాల్వు పెట్టినా తొందరగా అరిగిపోతుంది.

లైను చివర ఉన్న ఇంట్లో పరిస్థితి దీనికి ఉల్టా. సాయంత్రం అందరి మోటార్లూ ఏసీలూ నడుస్తుండగా 190కి పడిపోతే హీటర్‌కి దక్కేది 5.44 మాత్రమే. సౌండు నీరసంగా, మూసుకుపోయినట్టు వస్తుంది. వాల్వు పాతదైపోయిందనుకుని కొత్తది కొంటారు, అదీ అలాగే పాడుతుంది. అందుకే ముందు ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ కొనండి. పొద్దున, సాయంత్రం, పడుకునేముందు ప్లగ్గు దగ్గర వోల్టేజీ చూసి కాగితం మీద రాసుకోండి. ఎక్కువ వస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి 240 ట్యాప్ (240 వోల్టులకు విడిగా తీసిన వైరు) ఉందేమో మెకానిక్‌తో చూపించుకోండి. చాలా పాత రేడియోల వెనక వోల్టేజీ సెలెక్టర్ ఉంటుంది. దాన్ని మీ కరెంటుకి దగ్గరగా ఉన్న అంకె మీద పెడితే పని అయిపోతుంది. పెరగడం, తగ్గడం రెండూ ఉన్న ఇంటికి స్టెబిలైజర్ తప్పదు. రిలే రకం చవక, కానీ టప్‌మని మారినప్పుడల్లా స్పీకర్‌లో వినిపిస్తుంది. పాటలు వినడానికి మోటారుతో మెల్లగా సర్దే సర్వో రకమే నయం.

రెండో శత్రువు గాలి. గోపాలపూర్, ఛత్రపురం వైపు సముద్రపు ఉప్పు గాలి, కోరాపుట్, జయపురం వైపు వానాకాలపు చెమ్మ. రెండూ వాల్వు పిన్నుల మీద, సాకెట్ల మీద నల్లటి పొర పెడతాయి. చిటపటలు, ఒక పక్క స్పీకర్ వచ్చీ రాకపోవడం, చేత్తో తాకగానే సౌండు మారడం లాంటివి చాలాసార్లు సాకెట్ జబ్బులే. సెట్ ఆపి, ప్లగ్గు పీకి, పూర్తిగా చల్లారాక వాల్వును అటూ ఇటూ కొంచెంగా కదుపుతూ నిటారుగా పైకి తీయండి. పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. సాకెట్ రంధ్రాలకు పళ్ల సందులు శుభ్రం చేసే సన్నని బ్రష్ సరిగ్గా సరిపోతుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు మాత్రం కొట్టకండి, దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది. ఇంతవరకు చేశాక కూడా సౌండు నచ్చకపోతే అప్పుడు వాల్వుల సంగతి మాట్లాడుకుందాం.

పేరు చదవడం వస్తే సగం పని అయినట్టే

యూరప్ పద్ధతిలో వాల్వుకి పెట్టే పేరులో మొదటి అక్షరం హీటర్ సంగతి చెబుతుంది. ఇంగ్లీషు అక్షరం ఈ (E) అంటే 6.3 వోల్టులు. పీ అంటే 300 మిల్లీ ఆంపియర్ల మీద వరసగా కలిపే రకం, పాత టీవీలది. యూ అంటే 100 మిల్లీ ఆంపియర్ల రకం, ట్రాన్స్‌ఫార్మర్ లేని రేడియోలది. జీ అంటే 5 వోల్టులు. తర్వాతి అక్షరాలు లోపల ఏముందో చెబుతాయి. సీసీ అంటే రెండు ట్రయోడ్లు (మూడు ఎలక్ట్రోడ్ల భాగాలు), ఎల్ అంటే స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ పెంటోడ్ (ఐదు ఎలక్ట్రోడ్లది), జెడ్ అంటే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్, ఎం అంటే రేడియో ముందు పచ్చగా వెలిగే ట్యూనింగ్ కన్ను. అంకె 8తో మొదలైతే తొమ్మిది సన్న పిన్నుల సాకెట్, 3తో మొదలైతే ఎనిమిది లావు పిన్నుల ఆక్టల్ సాకెట్. కాబట్టి ఈసీఎల్82, పీసీఎల్82, యూసీఎల్82 చూడటానికి ఒకటేలా ఉన్నా ఒకదాని బదులు ఒకటి వేయకూడదు. వాటి హీటర్లకు కావాల్సినవి వరసగా 6.3, 16, 50 వోల్టులు. పాత దుకాణంలో అట్టపెట్టె మీద చివరి అంకె చూసి తెచ్చుకునేవాళ్లు ఇక్కడే నష్టపోతారు.

అమెరికా పేర్లు వేరు. ఈసీసీ83నే అక్కడ 12ఏఎక్స్7 అంటారు, ఈసీసీ82ని 12ఏయూ7, ఈసీసీ81ని 12ఏటీ7. ఈఎల్84కి 6బీక్యూ5 అని పేరు, రష్యా వాళ్ల 6పీ14పీ కూడా అదే. రెండు పేర్లూ తెలిసి ఉంటే దొరికే అవకాశం రెట్టింపవుతుంది.

ముందు వరుస చిన్న వాల్వు

నా సలహా సూటిగా చెబుతున్నాను. చేతిలో డబ్బు తక్కువుంటే మొత్తం మొదటి చిన్న వాల్వు మీదే పెట్టండి. గుడి మైకు ముందు ఒక్కరు దగ్గితే వీధంతా వినిపించినట్టు, మొదటి స్టేజిలో (అంచెలో) పుట్టిన చిన్న హిస్సు (బుస), హమ్ (గుంయిమనే మోత) తర్వాతి స్టేజిలన్నీ పెంచి స్పీకర్‌కి పంపిస్తాయి. ముఖ్యంగా గ్రామఫోను రికార్డులు వినేవాళ్లు. ఫోనో స్టేజికి (రికార్డు ప్లేయర్ సిగ్నల్‌ను ముందుగా పెంచే భాగానికి) వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే కాబట్టి అక్కడి ఈసీసీ83 నిశ్శబ్దంగా ఉండి తీరాలి. అమ్మేవాళ్లు లో నాయిస్ (తక్కువ రొద) అని విడిగా పరీక్షించి ఇచ్చే వాటికి కొంచెం ఎక్కువ అడుగుతారు. ఫోనో స్టేజికి ఆ ఎక్కువ ఇవ్వవచ్చు. మిగతా చోట్ల అవసరం లేదు.

ఈసీసీ83, 81, 82 మూడూ ఒకే సాకెట్‌లో కూర్చుంటాయి, హీటర్ కూడా ఒకటే. అందుకే ‘మార్చి మార్చి చూడండి’ అని సలహాలు వినిపిస్తుంటాయి. కానీ వాటి బలాలు వేరు. ఈసీసీ83 గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచగలదో ఆ లెక్క) 100, ఈసీసీ81ది 60 దగ్గర, ఈసీసీ82ది 20 లోపే. ఈసీసీ83 ఒక మిల్లీ ఆంపియర్ చుట్టుపక్కల కరెంటుతో హాయిగా పనిచేస్తే, ఈసీసీ82 తనకు నచ్చినట్టు పాడటానికి పది దాకా అడుగుతుంది. ఈసీసీ83 కోసం రెసిస్టర్లు వేసిన చోట ఈసీసీ82ని పెడితే పాడుతుంది, కానీ ఊపిరి ఆడనట్టు పాడుతుంది. ఫోనో స్టేజిలో అయితే రికార్డుకి కావాల్సిన ఈక్వలైజేషన్ (కింది, పై స్వరాల సర్దుబాటు) కూడా చెడిపోవచ్చు. వాల్యూం నాబ్ కొంచెం తిప్పగానే చెవులు హోరెత్తుతున్నాయి, గెయిన్ తగ్గాలి అనుకుంటే ఈసీసీ83 బదులు 5751 తీసుకోండి. దాని గెయిన్ 70. దాదాపు అదే స్వభావం, మొదట మిలిటరీ, పారిశ్రామిక వాడకం కోసం చేసిన గట్టి వాల్వు. హీటర్‌కి కాస్త ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, 300 బదులు 350 మిల్లీ ఆంపియర్లు. ఒకటి రెండు మార్చితే ట్రాన్స్‌ఫార్మర్‌కి అదో లెక్క కాదు.

ఈసీసీ88 మాత్రం వేరే జాతి. దీనికే 6డీజే8 అని పేరు, మెరుగైన రకాన్ని ఈ88సీసీ లేదా 6922 అంటారు. ఇదీ తొమ్మిది పిన్నులదే, ఈసీసీ83 సాకెట్‌లో సులువుగా దిగుతుంది కూడా. దిగుతుంది కదా అని పెట్టవద్దు. ఈసీసీ83కి తొమ్మిదో పిన్ను హీటర్ మధ్య భాగం, ఈసీసీ88కి అది రెండు ట్రయోడ్ల మధ్య ఉండే అడ్డుతెర. హీటర్ రెండు సగాలనూ వరసగా కలిపిన 12.6 వోల్టుల వైరింగ్ ఉన్న సాకెట్‌లో పెడితే 6.3 హీటర్ మీద రెట్టింపు పడి కాలిపోతుంది. ప్లేటు మీద అది భరించేది కూడా 130 వోల్టులే, ఈసీసీ83 మాత్రం 300 దాకా ఆగుతుంది. ఈసీసీ88 ఉండాల్సిన చోట రష్యా 6ఎన్23పీ చక్కగా సరిపోతుంది, ధర కూడా అందుబాటులో ఉంటుంది. 6ఎన్1పీ కూడా వేయవచ్చని కొందరు అమ్ముతారు. దాని హీటర్‌కి 600 మిల్లీ ఆంపియర్లు కావాలి, అంటే ఒకటిన్నర రెట్లకు పైనే. ట్రాన్స్‌ఫార్మర్ అంత ఇవ్వగలదని తెలిస్తేనే వేయాలి. పాత టీవీల్లోని పీసీసీ88 సంగతి ఆసక్తిగా ఉంటుంది. హీటర్ 7 వోల్టులు, మిగతాదంతా ఈసీసీ88. ఇంట్లో ఎప్పుడూ 240 వచ్చి, హీటర్‌కి 6.8 దాకా అందుతున్న చోట ఇది ఈసీసీ88 కన్నా సుఖంగా ఉంటుంది. పాత టీవీ మెకానిక్ దగ్గర వాడనివి దొరికితే వదలకండి.

ఇక ఇప్పుడు తయారవుతున్న కంపెనీల్లో ఏది? స్లొవేకియాలోని జేజే వాళ్ల ఈసీసీ83ఎస్ లోపల ప్లేట్లు పొట్టిగా, గట్టిగా ఉంటాయి. స్పీకర్ల పక్కనే యాంప్లిఫయర్ పెట్టుకునే చిన్న గదులకు ఇది మంచిది, కంపనాలకు మోగదు. నా చెవికి పై స్వరాలు కొంచెం మెత్తగా వినిపిస్తాయి. అరిగిన రికార్డులకు, గరగరలాడే పాత రికార్డింగులకు అదే వరం. రష్యాలో తయారయ్యే టంగ్‌సోల్ పేరు వాల్వు ఇంకొంచెం విప్పారినట్టు పాడుతుంది. వీణ మీటు, మృదంగం చాపు బాగా తెలుస్తాయి. మీ స్పీకర్లే చురుగ్గా ఉంటే జేజే, మొద్దుగా ఉంటే టంగ్‌సోల్. ఈ రెండింటి మధ్య తేడా నిజమే కానీ చిన్నదే. స్పీకర్లను గోడకి అడుగు దూరం జరిపినా అంత తేడా వస్తుంది.

కొత్త చిన్న వాల్వు వచ్చాక సెట్ ఆన్ చేసి, వాల్యూం సగంలో పెట్టి, పాట లేకుండా పెన్సిల్ రబ్బరు కొనతో గాజును సుతారంగా తట్టి చూడండి. మెల్లగా టప్‌మంటే మామూలే. గంటలా మోగుతూ ఉండిపోతే అది మొదటి స్టేజికి పనికిరాదు, వెనక స్థానంలో వేసుకోవచ్చు. ఒక చానల్‌లో హిస్సు ఉంటే ఎడమ, కుడి వాల్వులను మార్చి పెట్టండి. హిస్సు కూడా పక్క మారితే తప్పు వాల్వుది. అక్కడే ఉండిపోతే తప్పు సెట్‌ది, ఎన్ని వాల్వులు కొన్నా పోదు.

అవుట్‌పుట్ వాల్వులు

ఇక్కడ బ్రాండు కన్నా జత ముఖ్యం. పుష్‌పుల్ యాంప్లిఫయర్‌లో రెండు వాల్వులు చెరో సగం మోస్తాయి. వాటిలో పారే కరెంటు సమానంగా లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక పక్కకు ఒరిగి కింది స్వరాలు పలచబడతాయి, హమ్ పెరుగుతుంది. అందుకే జతగా కొలిచి ఇచ్చిన వాటినే కొనండి, స్టీరియోకి నాలుగూ ఒకసారే. ఒకటి పోతే ఒకటే కొనడం పొదుపులా కనిపిస్తుంది, కానీ జత చెడుతుంది.

ఈఎల్34, 6ఎల్6జీసీ, కేటీ88 మూడూ ఒకే ఆక్టల్ సాకెట్‌లో దిగుతాయి. ఈఎల్34 ప్లేటు భరించేది 25 వాట్లు, 6ఎల్6జీసీది 30, కేటీ88ది 40 దాటుతుంది. గొంతులు, వయొలిన్ ముందుకు రావడం ఈఎల్34 గుణం. 6ఎల్6 గుండ్రంగా, నెమ్మదిగా ఉంటుంది. కేటీ88కి కింది స్వరాల మీద పట్టు ఎక్కువ. వీటిని మార్చుకోవచ్చని యాంప్లిఫయర్ తయారుచేసినవాళ్లు రాసి ఉంటేనే మార్చండి. హీటర్ లెక్కే చూడండి. 6ఎల్6జీసీకి 0.9 ఆంపియర్లు, ఈఎల్34కి 1.5, కేటీ88కి 1.6. నాలుగు 6ఎల్6ల కోసం కట్టిన సెట్‌లో నాలుగు ఈఎల్34లు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ మీద అదనంగా 2.4 ఆంపియర్లు పడుతుంది. మే నెల బరంపురం ఎండల్లో ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఎంతకాలం ఆగుతుంది? వాల్వు పోతే వాల్వు కొనుక్కోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే సరిపోయేది వెతుక్కుంటూ విశాఖపట్నమో కలకత్తానో పోవాలి.

వాల్వులు మార్చాక బయాస్ (పాట లేనప్పుడు వాల్వులో పారే కరెంటు సర్దుబాటు) చూడాలి. కొన్ని సెట్లు తమంతట తామే సర్దుకుంటాయి, వాటిలో పెట్టి వినడమే. సర్దాల్సిన సెట్లలో కాథోడ్ దగ్గర 1 ఓమ్ విలువ ఉన్న రెసిస్టర్ ఉంటే పని సులువు. మీటర్ మీద కనిపించే మిల్లీవోల్టులే మిల్లీ ఆంపియర్లు. ప్లేటు మీద 400 వోల్టులున్న ఈఎల్34కి భరించగలిగిన దాంట్లో 70 శాతం పెడదాం. 25లో 70 శాతం 17.5 వాట్లు, దాన్ని 400తో భాగిస్తే సుమారు 44 మిల్లీ ఆంపియర్లు. నేనైతే 40 దగ్గరే ఆపుతాను. మన కరెంటు రాత్రి పెరుగుతుంది కాబట్టి ఆ కొంచెం ఖాళీ ఉంచాలి. లోపల 400 వోల్టులుంటాయని, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుందని మర్చిపోవద్దు. కొలవడానికి బయట పాయింట్లు లేని సెట్ అయితే ఈ పని తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. స్పీకర్ వైర్లు తగిలించకుండా వాల్వు యాంప్లిఫయర్ నడపకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ప్లేటు ఎర్రగా కాలుతూ కనిపిస్తే వెంటనే ఆపేయాలి. గాజు లోపలి గోడ మీద నీలం వెలుగు మాత్రం మామూలే, కంగారు వద్దు.

రెక్టిఫయర్ వాల్వు గురించి ఎక్కువ చెప్పను. సౌండు కోసం దాన్ని మార్చవద్దు. జీజెడ్34 ఉన్నచోట జీజెడ్34నే వేయండి. అదే సాకెట్‌లో దిగే 5యూ4జీ హీటర్‌కి 1.9 బదులు 3 ఆంపియర్లు లాగుతుంది, బయటికి ఇచ్చే వోల్టేజీ తగ్గుతుంది. 5యూ4 ఉన్నచోట జీజెడ్34 పెడితే వోల్టేజీ పెరిగి అవుట్‌పుట్ వాల్వుల మీద పడుతుంది. డబ్బు మిగిలితే జీజెడ్34 మంచిది ఒకటి కొని దాచుకోండి.

పాత సరుకు, కొత్త సరుకు, మన బెల్ సరుకు

పాత ఫ్యాక్టరీల్లో తయారై వాడకుండా మిగిలిన వాల్వులకు మంచి పేరుంది. ఇంగ్లండు బ్లాక్‌బర్న్‌లో తయారైన ముల్లార్డ్, జర్మనీ టెలీఫుంకెన్, హాలండ్ హెర్లెన్ ఫిలిప్స్ వాల్వుల్లో కాథోడ్ పూత, కొలతలు నిలకడగా ఉండేవి. ఆ పేరు ఊరికే రాలేదు. చిన్న వాల్వుల్లో అవి నేటికీ గొప్పవే. నిజంగా వాడనిది దొరికితే చాలా ఏళ్లు ఆడుతుంది. కానీ ధర కొత్తవాటికి ఎన్నో రెట్లు, మోసం కూడా అంతే ఎక్కువ.

గాజు మీద రంగు అక్షరాలను నమ్మకండి. వాటిని చెరిపి మళ్లీ అచ్చు వేయడం కష్టం కాదు. టెలీఫుంకెన్ సొంతంగా చేసిన ఈసీసీ83కి కింద పిన్నుల మధ్య గాజులోనే అచ్చుపడిన చిన్న డైమండ్ గుర్తు ఉంటుంది. ముల్లార్డ్, ఫిలిప్స్ వాల్వుల గాజు కింది భాగంలో సన్నగా చెక్కిన రెండు వరుసల కోడ్ ఉంటుంది. రెండో వరుస బీ అక్షరంతో మొదలైతే బ్లాక్‌బర్న్, చిన్న త్రికోణంతో మొదలైతే హెర్లెన్. దాని తర్వాతి అంకె సంవత్సరం చివరి అంకె, ఆపై అక్షరం నెల, ఆఖరి అంకె వారం. అమ్మేవాళ్లను ఆ కోడ్ ఫోటో, ట్రయోడ్లు రెండింటి టెస్ట్ అంకెలు అడగండి. ఇవ్వనివాళ్ల దగ్గర కొనకండి. పైన వెండిలా మెరిసే మచ్చ తెల్లగా మారి ఉంటే లోపలికి గాలి దూరినట్టే, అది చెత్త. మచ్చ అంచులు బాగా పలచబడి, గోధుమరంగుకి తిరిగి ఉంటే చాలా వాడారని అర్థం.

పేర్ల విషయంలో ఇంకో జాగ్రత్త. ఇవాళ కొత్తగా దొరికే ముల్లార్డ్, టంగ్‌సోల్, జెనలెక్స్ గోల్డ్ లయన్, సోవ్‌టెక్, ఎలక్ట్రో హార్మోనిక్స్ అన్నీ రష్యాలోని సరాటోవ్‌లో ఒకే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. కొత్త ముల్లార్డ్ చెడ్డది కాదు, కానీ బ్లాక్‌బర్న్ ముల్లార్డ్‌కి దానికి పేరు తప్ప పోలిక లేదు. 2022 మార్చిలో రష్యా ఎగుమతులు ఆపేయడంతో ఈ పేర్లన్నింటి సరఫరా ఒకేసారి తారుమారైంది. అప్పటినుంచి స్లొవేకియా, చైనా సరుకుకి గిరాకీ పెరిగింది. చైనా స్వానే వాల్వుల్లో పై శ్రేణివి బాగుంటాయి. పేరు లేని తెల్ల పెట్టెల్లో వచ్చేవి ఒకటి బాగుంటే ఒకటి ఉండదు.

మనవాళ్లు పట్టించుకోని మూడో దారి ఒకటుంది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్) 1961లో ఫిలిప్స్ సహకారంతో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది. దేశంలోని రేడియోలకు ఆ బెల్ వాల్వులు విస్తారంగా వెళ్లాయి. ఈసీసీ83, ఈఎల్84 లాంటివి ఇప్పటికీ పాత రేడియో మెకానిక్‌ల అల్మారాల్లో, అట్టపెట్టెల్లో పడి ఉన్నాయి. బరంపురం, పర్లాకిమిడి పాత బజార్లలో రేడియో షాపు మూసేసి మొబైల్ షాపు పెట్టిన ఇళ్లలో అడగండి. తండ్రుల నాటి సరుకు అటక మీద ఉండవచ్చు. ఫిలిప్స్ పద్ధతిలో చేసినవి కాబట్టి కట్టుబడి గట్టిది. ఇవి ప్రపంచ మార్కెట్‌లో ముల్లార్డ్ అంత ధర పలకవు. చేత్తో పట్టుకుని చూసి కొనవచ్చు, విదేశీ పార్సిల్ మీద పడే కస్టమ్స్ డ్యూటీ గొడవ లేదు. నాకు ఒకటే ఎంచుకోమంటే తెలియని విదేశీ అమ్మకందారు దగ్గర ఖరీదైన ముల్లార్డ్ కన్నా, ఊళ్లో పరీక్షించి తీసుకున్న బెల్ ఈసీసీ83నే ఎంచుకుంటాను.

పాత రేడియోలకు కొన్ని మాటలు. వాటిలో చాలావాటికి ఒక్క ఈఎల్84 అవుట్‌పుట్ చేస్తుంది. 250 వోల్టుల మీద 48 మిల్లీ ఆంపియర్లు, అంటే భరించగలిగిన 12 వాట్లూ ఎప్పుడూ దాని మీదే ఉంటాయి. అందుకే ముందు అరిగేది అదే. కానీ దాని గ్రిడ్‌కి (లోపల కరెంటును అదుపుచేసే జాలీకి) వచ్చే పాత కాగితపు కెపాసిటర్ లీకవుతుంటే కొత్త ఈఎల్84 కూడా కొద్ది రోజుల్లో ఎర్రబడి పోతుంది. ముందు ఆ కెపాసిటర్, తర్వాతే వాల్వు. మీ రేడియోలో వాల్వుల పేర్లు యూతో మొదలైతే దానికి ట్రాన్స్‌ఫార్మర్ లేదని, ఇనుప చట్రం నేరుగా కరెంటు లైనుకి కలిసి ఉండవచ్చని గుర్తుపెట్టుకోండి. వెనక అట్ట తీసి వేలు పెట్టే పని అస్సలు చేయకండి.

విని తేల్చుకోవడం

ఒకసారి ఒకే మార్పు చేయండి. వాల్వు పెట్టాక అరగంట వేడెక్కనివ్వండి. వాల్యూం ఒకేలా ఉండాలి, ఎందుకంటే కొంచెం గట్టిగా పాడేది ఎప్పుడూ మంచిదనిపిస్తుంది. ఇంట్లో ఇంకొకరిని కూర్చోబెట్టి, ఏ వాల్వు ఉందో చెప్పకుండా వినిపించండి. పాటలు మీరు పుట్టినప్పటినుంచి వింటున్నవే పెట్టుకోండి. ఘంటసాల గొంతులో మంద్ర స్థాయి గుండె నుంచి వస్తోందా, డబ్బాలోంచి వస్తోందా? సుశీల గారి పై స్వరంలో సకారాలు బుస కొడుతున్నాయా? ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పాత రికార్డింగులో విల్లు తీగని పట్టుకునే గరుకుదనం నా మొదటి పరీక్ష. మంచి చిన్న వాల్వు ఆ గరుకును రొద నుంచి విడదీసి వినిపిస్తుంది. మన ఊళ్లలో ఒడియా పాట కూడా ఇంటి పాటే కదా, అక్షయ మహంతి, భికారి బల్ గొంతులతో కూడా చూడండి. రెండు భాషల గొంతులూ సహజంగా వచ్చిన వాల్వు ఉంచుకోండి. ఒక పాటకే గొప్పగా ఉండి మిగతావాటిని పాడుచేసేది తీసేయండి.

ఇప్పుడు డబ్బు సంగతి. రేడియోకైతే కెపాసిటర్లు మార్పించి ఒక బెల్ ఈఎల్84 చాలు. చైనా చిన్న యాంప్లిఫయర్‌కి మొదట స్టెబిలైజర్, తర్వాత ముందు వరుసలో జేజే లేదా టంగ్‌సోల్. దానితో వచ్చిన అవుట్‌పుట్ వాల్వులను అరిగేదాకా వాడుకోండి. రికార్డులు వినేవాళ్లు, మంచి స్పీకర్లున్నవాళ్లు ఫోనో స్టేజి వరకు పాత ముల్లార్డో టెలీఫుంకెనో కొనుక్కుంటే ఆ ఖర్చు వృథా కాదు. అవుట్‌పుట్‌కి పాత విదేశీ సరుకు వద్దనే అంటాను. అవి త్వరగా అరిగేవి, మన కరెంటు వాటిని ఇంకా త్వరగా అరగదీస్తుంది. కొత్త జేజే ఈఎల్34 జతలు కొలిచి ఇచ్చేవాళ్లు ఉన్నారు, అవి సరిపోతాయి.

పార్సిల్ రాగానే పెట్టె తెరవడం వీడియో తీయండి. గాజు, పిన్నులు, వెండి మచ్చ చూసి, వాపసు గడువు లోపలే సెట్‌లో పెట్టి గంటలకొద్దీ నడపండి. లోపమున్న వాల్వు చాలావరకు ఆ మొదటి రోజుల్లోనే బయటపడుతుంది. తీసేసిన పాత వాల్వులను పారేయకండి. మీద తేదీ, ఏ స్థానంలో ఉండేదో రాసి అదే పెట్టెలో దాచండి. రేపు సెట్‌లో ఏదైనా తేడా వస్తే వాల్వుదా, సెట్‌దా అని తేల్చుకోవడానికి అవే పనికొస్తాయి.